కొలత తప్పని పరదా

9 అడుగుల పరదా ఒకటి ఉతుకుకు వెళ్ళి 3 శాతం కుంచించుకుపోయి తిరిగొచ్చిందనుకుందాం. చొక్కాలో ఆ తేడా ఎవరి కంటా పడదు. పరదాలో మాత్రం అది మూడంగుళాల పైమాట. నేలను తాకీ తాకనట్టు నిలవాల్సిన అంచు పైకి లేస్తుంది, దాని వెనక ఇన్నాళ్ళూ దాక్కున్న గోడ పెచ్చులూ ప్లగ్గు పాయింటూ బయటపడతాయి. పైగుడ్డ కుంచించుకుని లోపలి లైనింగు కుంచించుకోకపోతే మరీ చేటు. చీర కింద లోలంగాలా లైనింగు తొంగిచూస్తూ ఉంటుంది. అందుకే ఈ పని బాగా తెలిసినవాళ్ళు పరదా చేతికందగానే మరకల కోసం వెతకరు. ముందు టేపు తీస్తారు. ఎడమ అంచున, నడుమ, కుడి అంచున మూడుచోట్లా పొడవు కొలిచి రసీదు వెనక రాసుకుంటారు. మూడు అంకెలూ ఒకటి కాకపోతే అదీ రాస్తారు. కుట్టినప్పుడే వంకరగా కుట్టిన పరదాలు మన ఇళ్ళలో తక్కువేం కాదు.

పరదాల శుభ్రత అనగానే మనకు పెద్ద డ్రమ్ము తిరిగే యంత్రం గుర్తొస్తుంది. నా లెక్కలో ఈ పని మొత్తంలో చేతినేర్పు అతి తక్కువగా కావలసింది ఆ యంత్రం తిరిగే కాసేపే. దానికి ముందు జరిగే పరీక్ష, దాని తర్వాత జరిగే ఇస్త్రీ, మళ్ళీ వేలాడదీయడం, అసలు విద్యంతా ఈ మూడింటిలోనే ఉంది. చీరో కోటో అయితే పెట్టెలో మడతపెట్టుకుని దాచుకుంటాం. పరదా అట్లా కాదు. ఏళ్ళ తరబడి ఒకే భంగిమలో, ఒకే కిటికీకి, ఒకే ఎండకు ఒళ్ళప్పగించి నిలబడి ఉంటుంది. దాన్ని శుభ్రం చేసేవాడు దానిలో ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో ముందు అంచనా వేయాలి. ఆ అంచనా తప్పితే ఎంత ఖరీదైన యంత్రమూ కాపాడలేదు.

పరదాకు పట్టే మురికి పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండదు. పైన కుచ్చుల దగ్గర పట్టేది పొడి దుమ్ము. సీలింగ్ ఫ్యాను విసిరిన దుమ్ము, ఏసీ గాలి తెచ్చిన దుమ్ము కుచ్చుల లోయల్లో పేరుకుంటుంది. తీసేటప్పుడూ వేసేటప్పుడూ మనం పట్టుకునే నడిమి అంచున ఉండేది చేతి జిడ్డు. ఐదడుగుల ఎత్తులో, పొడవునా ఒక బూడిదరంగు చార. దివాను వెనక పరదా అయితే తలనూనె కూడా. కింద అంచున నేల తుడిచే నీళ్ళు, ఫినాయిలు. వంటింటి వైపు పరదాకు పోపు ఆవిరిలో తేలిన నూనె, పూజగది పరదాకు దీపపు మసి, అగరుబత్తి పొగ. భోజనాల గదికీ వంటింటికీ మధ్య వేసిన గుమ్మపు పరదా సంగతి వేరే చెప్పాలా? చేతులు కడుక్కుని వచ్చేవాళ్ళందరి తువ్వాలూ అదే. నేర్పరి ఈ పటాన్ని చదువుతాడు. ఏ ఎత్తులో ఏ మురికి ఉందో చూస్తే అది నీళ్ళకు లొంగేదో, ద్రావకానికి లొంగేదో సగం తెలిసిపోతుంది.

తర్వాత అతను ఎండ చేసిన నష్టాన్ని వెతుకుతాడు. ఇది కంటికి కనపడదు, వేళ్ళకు తెలియాలి. కిటికీ అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది, మిగతావి లోపలికి వస్తూనే ఉంటాయి. పడమటి కిటికీ పరదాలో కుచ్చుల మడతలు అద్దం వైపు పొడుచుకొచ్చిన చోట దారం ఏళ్ళ తరబడి కాలి పెళుసుబారుతుంది. పట్టు అన్నిటికన్నా త్వరగా లొంగిపోతుంది. పత్తి నెమ్మదిగా. అద్దం చాటునున్న పాలిస్టర్ చాలాకాలం నిలుస్తుంది. పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. అద్దం వైపు మడతను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగుతారు. ప్రాణమున్న గుడ్డ సాగి వెనక్కొస్తుంది, ప్రాణం పోయిన గుడ్డ చిన్న చప్పుడుతో విడిపోతుంది. కదలకుండా వేలాడినన్నాళ్ళూ అలాంటి పరదా నిక్షేపంగానే కనిపిస్తుంది, యంత్రంలో తడిసి బరువెక్కి తిరిగేసరికి పొడవునా చీలికలు పడతాయి. ఇంటివాళ్ళు యంత్రం చింపిందనుకుంటారు. చింపింది ఎండ, బయటపెట్టింది ఉతుకు. ఈ మాట ఉతికాక చెబితే సాకులా వినిపిస్తుంది కాబట్టి మంచి దుకాణంవాళ్ళు ఉతక్కముందే చూపించి, రసీదు మీద రాసి, సంతకం తీసుకుంటారు. కొన్ని పరదాలను చూసి, దుమ్ము దులిపి ఇస్తాను, తడి తగలనివ్వను అని చెప్పేస్తారు. వచ్చే డబ్బు వదులుకుని అలా అనగలవాడి మీద నాకు గౌరవం ఎక్కువ.

గుడ్డ ఏమిటో కనుక్కోవడం ఇంకో విద్య. దుకాణంలో కుట్టి అమ్మే పరదాకు లోపల చిన్న లేబుల్ ఉంటుంది. అందులో వృత్తం గుర్తు ఉంటే వృత్తిదారుల చేతికి ఇవ్వమని అర్థం. వృత్తంలో ఉండే అక్షరం ఏ ద్రావకం వాడొచ్చో, లేక నీళ్ళతోనే చేయొచ్చో చెబుతుంది. కానీ మన ఇళ్ళలో ఎక్కువ పరదాలు మీటర్ల లెక్కన గుడ్డ కొని వీధి చివరి టైలరుతో కుట్టించినవి. వాటికి లేబులూ లేదు, కొన్న రసీదూ లేదు. అప్పుడు అంచు మడత లోపలి నుంచి ఒక దారం లాగి నిప్పు చూపిస్తారు. పత్తి అయితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే నల్లపూస. పాలిస్టర్ మంటకు ముడుచుకుని, కరిగి, గోటితో నొక్కినా నలగని గట్టిపూస అవుతుంది. చిక్కు రేయాన్‌తో వస్తుంది. అది కూడా పత్తిలాగే కాలుతుంది. దానికి వేరే ఉపాయం: దారాన్ని నడుమ నాలుకతో తడిపి రెండు కొసలూ పట్టి లాగడం. తడిచోటే పుటుక్కున తెగితే రేయాన్. పత్తి, నార తడిస్తే గట్టిపడతాయి, రేయాన్ తడిస్తే బలం బాగా కోల్పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక పాడుచేసిన పరదాలకు లెక్కలేదు. తడి రేయాన్ పరదాను తాడు మీద వేస్తే దాని బరువే దాన్ని సాగదీస్తుంది.

రంగు పరీక్ష కూడా అంచు మడత లోపలే. తెల్లగుడ్డను తడిపి, సబ్బు అద్ది, మడత లోపల గట్టిగా అదిమి పట్టి తీస్తారు. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ పరదా మిగతావాటితో కలిసి తొట్టిలోకి దిగదు.

ఇక విప్పదీయడం. కొక్కేలు, స్టీలు రింగులు, కింద అంచున బరువు కోసం కుట్టిన సీసపు బిళ్ళలు, కుచ్చుల టేపులో లాగి ముడివేసిన తాళ్ళు, అన్నీ తీసి లెక్కపెట్టి సంచిలో వేసి, ఆ సంచి మీద కిటికీ పేరు రాస్తారు: హాలు తూర్పు ఎడమ, పడకగది కుడి, ఇలా. తాళ్ళు విప్పే ముందు కుచ్చు పెట్టిన వెడల్పును కూడా కొలుస్తారు, లేకపోతే మళ్ళీ కట్టేటప్పుడు రాడ్‌కు సరిపోదు. పైన కుచ్చులను నిటారుగా నిలబెట్టే బక్రం ఏ రకమో వేలితో వంచి చూస్తారు. గంజితో గట్టిపరచిన పాతకాలపు బక్రం నీళ్ళు తగిలితే ఊడిపోయి పీచుగుడ్డ అయిపోతుంది.

తడి తగలకముందు దుమ్ము పోవాలి. ఇది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకునే మొదటి సూత్రం, తొందరలో అందరూ ముందు వదిలేసేదీ ఇదే. పొడి దుమ్ము పొడిగా ఉన్నంతసేపూ దుమ్మే. నీళ్ళు తగిలిందంటే బురద. దారాల సందుల్లోకి దిగి బూడిదరంగుగా స్థిరపడిపోతుంది. పూజగది మసి అయితే ఇంకా మొండి, తడిచేతితో రుద్దితే పరదా అంతా పాకుతుంది. అందుకే మెత్తటి బ్రష్ మూతి తగిలించిన వాక్యూమ్‌తో పైనుంచి కిందికి, రెండువైపులా, గుడ్డను అరచేత ఆన్చి లాగుతారు. మ్యూజియంలలో పాత వస్త్రాలను కాపాడేవాళ్ళు గుడ్డ మీద సన్నని వల పరిచి, ఆ వల మీదుగా, తక్కువ గాలితో దుమ్ము లాగుతారు. పాత పట్టు పరదా వస్తే మంచి దుకాణంలోనూ అదే పద్ధతి.

మరకల బల్ల దగ్గర నిలబడి చూడటం నాకు ఇష్టం. ఇస్త్రీ బల్ల ఆకారంలో ఉండే దానికి ఒక చివర జల్లెడలాంటి ఇనప పలక, కింద నుంచి గాలిని పీల్చే గొట్టం, పైన ఆవిరి చిమ్మే తుపాకి, పక్కన చిన్న చిన్న సీసాలు, అంచు మొద్దుబారిన చెక్క గరిటె ఒకటి. గరిటెతో రుద్దరు, తట్టి మరకను వదులు చేస్తారు. ఏ సీసా ముందు, ఏ సీసా తర్వాత అన్నదాంట్లోనే తెలివి. మచ్చ చుట్టూ తడి గిరిగీసినట్టు ఆగిపోతే ఆరాక వలయం మిగులుతుంది కాబట్టి అంచును పలచగా బయటికి బయటికి జారుస్తూ ఆరబెడతారు. మరక తీయడంకన్నా మరక తీసిన జాడ తీయడమే కష్టం.

పసుపు మరకనే తీసుకోండి. ఇంటావిడ కంగారుపడి సబ్బు రాస్తుంది. పసుపు కాస్తా ఎర్రగా మారుతుంది, కంగారు రెట్టింపవుతుంది. నిజానికి ఏమీ మునిగిపోలేదు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్ళీ పసుపవుతుంది. దాని అసలు బలహీనత వెలుతురు. జిడ్డు తీసేసి తడిగా ఎండలో పెడితే మరక దానంతటదే వెలిసిపోతుంది. అయితే మరకకు మందయిన ఎండే గుడ్డకూ రంగుకూ విషం. తెల్ల పత్తి పరదాకు చెల్లే వైద్యం ముదురు రంగు పట్టుకు చెల్లదు. ఇవన్నీ చూసుకుని గంట పెట్టాలా, పూట పెట్టాలా అని తేల్చడమే నేర్పరితనం.

టీ, కాఫీ మరకలకు తర్కం తిరగబడుతుంది. వాటిలోని టానిన్‌కు సబ్బు క్షారం తగిలితే ముదిరి కూర్చుంటుంది, అందుకని పలచని ఆమ్లంతో మొదలుపెడతారు. దోమను పరదా మీదే చంపితే మిగిలే నెత్తుటి చుక్కకు చన్నీళ్ళే మందు. వేడినీళ్ళు పోస్తే కోడిగుడ్డు సొనలో ఉన్నట్టే దానిలోని మాంసకృత్తు గడ్డకట్టి దారాన్ని పట్టుకుంటుంది.

అన్నిటికన్నా మోసకారి కనపడని మరక. కొబ్బరినీళ్ళో కూల్‌డ్రింకో చిమ్మితే ఆరాక ఏమీ కనిపించదు. కానీ పంచదార గుడ్డలోనే ఉంది. డ్రైక్లీనింగ్ ద్రావకం నూనెను కరిగిస్తుంది గానీ పంచదారను ముట్టుకోదు. ఇస్త్రీ పెట్టె వేడి తగలగానే పంచదార పాకం మాడినట్టు గోధుమరంగు మచ్చలు తేలతాయి, శుభ్రమై వచ్చిన పరదా మీద కొత్త మరకలు! తెలిసినవాళ్ళు పిల్లలున్న ఇల్లా అని ముందే అడుగుతారు. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే ఆ మేర కాస్త బిరుసుగా, కాస్త మెరుస్తూ కనిపిస్తుంది. ముందు నీళ్ళతో పంచదారను తీసేశాకే ద్రావకం. వాన జల్లు కొట్టిన కిటికీ పరదాలకు వచ్చే గోధుమరంగు గీత ఇంకోటి. తడి ఎంతవరకు పాకి ఆగిందో అక్కడ గుడ్డలోని మురికీ, పాతబడిన దారపు జీర్ణపదార్థమూ పోగై గీత కడతాయి. అది ఎంత పాతదైతే అంత మొండిది.

తుప్పు మరక దగ్గర ఒక చిన్న కథ ఉంది. చవకరకం రింగుల పూత పోయి పరదా నెత్తిన తుప్పు చుక్కలు దిగుతాయి. మామూలు మందు ఆక్సాలిక్ ఆమ్లం. ఇనుమును కరిగించి తీసుకుపోతుంది. తెల్లగుడ్డ మీద చూస్తే గారడీలా ఉంటుంది. ఇప్పుడు అదే మందు కలంకారీ పరదా మీద వేస్తే? మచిలీపట్నం పక్కన పెడనలో అద్దకంవాళ్ళు గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టి, ఇనప ముక్కలూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్ళతో నల్లగీతలు అద్దుతారు. కరక్కాయ టానిన్, ఇనుము కలిస్తేనే ఆ నలుపు. అంటే బొమ్మ గీతా, తుప్పు మచ్చా ఒకే లోహం నుంచి పుట్టినవి. తుప్పును తినే మందు నెమలి మెడ గీతనూ తినేస్తుంది. పటిక మీద నిలిచిన ఎరుపు కూడా గట్టి ఆమ్లానికి వదులవుతుంది. అందుకని సహజరంగుల కలంకారీ మీద తుప్పు చుక్క ఉంటే చాలామంది నేర్పరులు దాన్ని వదిలేస్తారు, కుచ్చు మడతలో దాక్కునేలా పరదాను తిరగేసి కుట్టించుకోమంటారు. నాకది ఓటమిగా కనిపించదు. బజారులో కలంకారీ పేరుతో అమ్ముడుపోయేవాటిలో స్క్రీన్ ప్రింటు కృత్రిమరంగులవీ చాలా ఉన్నాయి. వాటికి ఈ భయం లేదు. ఏది ఏదో తేల్చేది మళ్ళీ అంచు మడత లోపల వేసిన ఒక చుక్కే.

ఇప్పుడు ద్రావకమా, నీళ్ళా? డ్రైక్లీనింగ్‌లో నీళ్ళు దాదాపు లేవు. 1930లలో మొదలై, తర్వాత లోకమంతటా ఎక్కువగా వాడుకలోకి వచ్చింది పెర్‌క్లోరోఎథిలిన్. పొట్టిగా పెర్క్ అంటారు. నీటికన్నా ఒకటిన్నర రెట్లు పైగా బరువైన ద్రవం, 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వాడిన ద్రవాన్ని మరిగించి ఆవిరిపట్టి మళ్ళీ అదే యంత్రంలోకి పంపుతారు, మురికి అడుగున మడ్డిగా మిగులుతుంది. మన దగ్గర చాలా దుకాణాల్లో పెట్రోలియం నుంచి తీసే ఎం.టి.ఓ. వాడతారు. దాన్నే పెట్రోల్ వాష్ అంటారు. ద్రావకం పత్తి, పట్టు దారాలను ఉబ్బించదు. ఉబ్బనిదే కుంచించుకోవడమూ లేదు, పొడవు నిలుస్తుంది. అందుకే లైనింగు ఉన్న బరువైన పరదాలకు అది ఇష్టపు మార్గమైంది. కానీ పెర్క్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ డ్రైక్లీనింగ్‌లో దాని వాడకాన్ని పదేళ్ళలో దశలవారీగా ఆపేయాలని నిబంధన తెచ్చింది. పరదా ఒక చొక్కా కన్నా ఎన్నో రెట్లు గుడ్డ. రెండు పొరల మధ్య ద్రావకం దాక్కుంటుంది. ఇంటికొచ్చాక గదిలో వాసన తగిలితే ఆరబెట్టడం పూర్తికాలేదన్నమాట. మొహమాటం లేకుండా వెనక్కి పంపాలి.

1990ల మొదట్లో జర్మనీలో మొదలైన వెట్ క్లీనింగ్ దీనికి జవాబు. నీళ్ళే, కానీ డ్రమ్ము తిరుగుడు చాలా మెల్లగా, నీళ్ళ వేడి తక్కువగా, సబ్బు తటస్థంగా ఉంటాయి. ఆరబెట్టే యంత్రం గుడ్డలో ఇంకా ఎంత తేమ ఉందో కొలుస్తూ, పూర్తిగా ఎండకముందే ఆగిపోతుంది. కుంచించుకోవడం ఎక్కువగా జరిగేది ఆ ఆఖరి తేమ పోయే ఘడియలోనే.

నెట్ పరదాలు చూడటానికి తేలిక, చేయడానికి చిరాకు. వాటిని ముందు సబ్బు లేని చన్నీళ్ళలో నానబెడతారు. దుమ్ము కారి నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళు పారబోసి రెండోసారి, మూడోసారి. అప్పుడే సబ్బు. వేడినీళ్ళలో మెత్తబడిన పాలిస్టర్‌ను ఆ వేడిమీదే పిండితే పడిన ముడత పడినట్టే ఉండిపోతుంది కాబట్టి నీళ్ళను మెల్లగా చల్లార్చి, పిండకుండా తీసి, తడిగానే రాడ్‌కు ఎక్కిస్తారు. తడి బరువే ఇస్త్రీ. హైదరాబాదు బోరు నీళ్ళలాంటి గట్టినీళ్ళయితే సబ్బు తెట్టు దారాల్లో మిగిలి తెల్లపరదా బూడిదరంగుకు తిరుగుతుంది. ఆఖరి జాడింపులో కాస్త వెనిగర్‌లాంటి ఆమ్లం కలిపేది మిగిలిన క్షారాన్ని విరిచేయడానికి. నీలిమందు తెలుపుకే. మీగడ రంగు పరదాకు పెడితే అది రోగిష్టి రంగుకు తిరుగుతుంది.

వెలుతురు రానివ్వని బ్లాకౌట్ పరదాల వెనక నురుగుపూత పొరలు పొరలుగా ఉంటుంది. ద్రావకం కొన్ని పూతలలోని మెత్తదనాన్ని లాగేసి అట్టముక్క చేస్తుంది, యంత్రపు వేడి పూతను పూతకు అంటిస్తుంది. వాటికి చల్లటి నీళ్ళు, మెత్తటి స్పాంజి, నీడ. అంతకు మించి చేయబోతే చేటే. సినిమాహాళ్ళ, ఆడిటోరియంల పరదాలకు అగ్ని అంటకుండా లవణాల పూత వేసి ఉంటే నీళ్ళలో అది కొట్టుకుపోతుంది. ఉతికాక మళ్ళీ పూత వేయించకపోతే చూడటానికి శుభ్రం, ఉండటానికి ప్రమాదం.

ఈ రసాయనమంతా కొత్తదనుకుంటే పొరపాటు. మన ఊళ్ళలో రజకులు చవుడు మట్టి నీళ్ళలో బట్టలు నానబెట్టి, పొయ్యి మీది బానపై పేర్చి, మూతేసి రాత్రంతా ఉబ్బవేసేవారు. చవుటిలోని క్షారం జిడ్డును సబ్బుగా మారుస్తుంది, ఆవిరి దారాన్ని వదులు చేస్తుంది. తెల్లారి రేవులో బండమీద దెబ్బలు తినేసరికి మురికి ఊడిపోయేది. పట్టుకు మాత్రం చవుడు తగలనిచ్చేవారు కాదు. కుంకుడు రసమే. క్షారం పట్టును తినేస్తుందని ఏ ప్రయోగశాలా వాళ్ళకు చెప్పలేదు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో మూల పెట్టే గుర్తు ఎన్ని ఉబ్బలు తిన్నా చెదిరేది కాదు. ఈనాటి దుకాణాల్లో పరదా మూలకు కుట్టే అంకెల గుడ్డముక్క దాని వారసురాలే. బండకేసి కొట్టడాన్ని మాత్రం నేను వెనకేసుకురాను. గట్టి నూలు పంచెలకు నప్పింది గానీ కుచ్చుల పరదాలకు కాదు.

ఇంటికే వచ్చి, రాడ్ మీద ఉండగానే శుభ్రం చేసే పద్ధతి ఈ మధ్య నగరాల్లో బాగా పెరిగింది. తడి చిమ్మి వెంటనే లాగేసే యంత్రం, ఆవిరి గొట్టం తెస్తారు. నిలువుగా వేలాడే గుడ్డలో తడి కిందికి దిగి అంచున గీత కడుతుంది కాబట్టి వెనక తెల్లటి తువ్వాలు ఆన్చి, చిన్న చిన్న మేరలుగా చేయాలి. కుంచించుకునే భయం తక్కువ, దుమ్ము బాగా పోతుంది, వంటింటి జిడ్డు మాత్రం సగమే పోతుంది. దుమ్ము పురుగులను చంపాలంటే 55 డిగ్రీల పైన వేడి తగలాలి. గొట్టం చివర ఆవిరికి ఆ వేడి ఉన్నా పరుగులో ఊపేస్తే గుడ్డకు అందదు. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇంట్లో ఇలాంటి వాళ్ళను పిలిస్తే చేయి ఎంత నెమ్మదిగా కదులుతుందో చూడండి.

ఇస్త్రీ దగ్గరికి వచ్చేసరికి పని నెమ్మదిస్తుంది. పరదా ఇస్త్రీ ఎప్పుడూ నిలువుదారం వెంట, పైనుంచి కిందికి. అడ్డంగా లాగితే కుట్టు సాగి అంచు అలలు తిరుగుతుంది. లైనింగు ముందు, పైగుడ్డ తర్వాత, ఉల్టా వైపు నుంచి. ఇక్కడే మొదట రాసుకున్న కొలత మళ్ళీ బయటికొస్తుంది. అరంగుళం తగ్గిందనుకోండి, కాస్త తేమగా ఉండగానే ఇద్దరు చెరో కొసా పట్టి, ఆవిరి కొడుతూ, నిలువునా ఒకే బలంతో మెల్లగా లాగుతారు. ఒకరు ఎక్కువ లాగితే పరదా వంకర. ఇద్దరి చేతులూ ఒకరి చేతుల్లా పనిచేయాలి. అంతకన్నా ఎక్కువ తగ్గితే లాగరు, అంచు మడత విప్పి వదులుతారు. మంచి టైలరు కింద నాలుగైదు అంగుళాల మడత ఉంచేది దీనికోసమే. వెల్వెట్‌కు ఇస్త్రీ పెట్టె అసలు ఆనకూడదు, ఆనిన చోట నూగు నలిగి పెట్టె అచ్చు మెరుస్తూ మిగిలిపోతుంది. వేలాడదీసి వెనక నుంచి ఆవిరి కొట్టి, ముందు నుంచి నూగు వాలిన దిక్కుకు మెత్తటి బ్రష్ దువ్వుతారు.

వేలాడదీయడంతో పని అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ. అసలు పనివాడు అక్కడ ఇంకో అరగంట నిలబడతాడు. ఒక్కో కుచ్చునూ పైనుంచి కిందిదాకా రెండు వేళ్ళ మధ్య నడిపి, ముందుకో వెనక్కో ఒకే క్రమంలో మడిచి, మొత్తం రెక్కను మూడుచోట్ల పలచని నూలు పట్టీతో కడతాడు. గట్టిగా కాదు, పట్టీ అచ్చు పడకూడదు. రెండు మూడు రోజులు అలా ఉంచి విప్పమంటాడు. ఆవిరితో మెత్తబడిన దారం ఆ మడతను నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు లాగినా కుచ్చులు వాటి చోట్లలోకే వచ్చి పడతాయి. ఈ పట్టీలు కట్టే అలవాటు మన దగ్గర పెద్ద హోటళ్ళ పని చేసినవాళ్ళలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇళ్ళవాళ్ళు అడగరు కాబట్టి మిగతావాళ్ళు చేయరు.

సంక్రాంతికీ దసరాకూ ముందు వారాల్లో దుకాణాలు పరదాలతో నిండిపోతాయి. ఆ రద్దీలో కొలత టేపు, మూడుసార్ల జాడింపు, పట్టీలు, అన్నీ జారిపోయేవే. మంచి పని కావాలంటే ఫిబ్రవరిలోనో ఆగస్టులోనో ఇవ్వాలి. బిల్లు చూసి ఇస్త్రీకి ఉతుకుకన్నా ఎక్కువ వేశారేమిటని చాలామంది అడుగుతారు. ఇద్దరు మనుషులు, పొడవాటి బల్ల, ఒక్కో రెక్కకు రెండు పొరలు, నాలుగు అంచులు. నన్నడిగితే ఇంకాస్త వేసినా తప్పులేదు. లైనింగు విప్పి వేరుగా ఉతికి మళ్ళీ కుట్టివ్వాల్సి వస్తే ఆ కూలి వేరే రాస్తారు, అది కూడా న్యాయమే.